తూటా కన్నా ముందు కాగితం వస్తుంది

గత సంచికలో మధ్య అమెరికాలోని హోండురాస్‌లో ఒక ఆనకట్టను వ్యతిరేకించిన లెంకా ఆదివాసీ నాయకురాలు బెర్తా కాసెరెస్ 2016 మార్చిలో తన ఇంట్లోనే హత్యకు గురైన సంగతిని క్లుప్తంగా ప్రస్తావించాం. ఆ నాలుగు వాక్యాల మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ తమ నేల కోసం నిలబడి ప్రాణాలు పోగొట్టుకుంటున్న ఆదివాసుల విషయానికే కేటాయిస్తున్నాం. ఒకే భావం ఉన్న ప్రశ్నలను కలిపి ఒకటిగా చేశాం. కటువుగా అడిగినవారి మాటలను మాత్రం మెత్తబరచలేదు.

ప్రశ్న: బెర్తా కాసెరెస్‌ను చంపినవారికి శిక్ష పడిందని రాశారు. తుపాకి పేల్చినవాడికి శిక్ష పడటం వేరు, పేల్చమన్నవాడికి పడటం వేరు కదా! చంపించింది ఎవరో తేలిందా? ఆ ఆనకట్ట సంగతేమైంది? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: చిన్న ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ ఆనకట్ట కట్టలేదు. పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మాత్రం హత్య జరిగిన రాత్రి నుంచి కాక, దానికి కొన్నేళ్ళ ముందు నుంచి మొదలుపెట్టాలి.

2009లో హోండురాస్‌లో సైనిక కుట్ర జరిగి ప్రభుత్వం మారింది. ఆ తరవాత నదుల మీద జలవిద్యుత్ కేంద్రాలకు అనుమతులు వరసపెట్టి వచ్చాయి. గ్వాల్కార్కే నది మీద తలపెట్టిన అగ్వా సార్కా ఆనకట్ట వాటిలో ఒకటి. ఆ నది లెంకాలకు తాగునీరూ సాగునీరూ మాత్రమే కాదు, ఆడపిల్లల ఆత్మలు దాన్ని కావలి కాస్తుంటాయని వారి నమ్మకం. ఆదివాసుల భూముల్లో ఏ పని తలపెట్టినా ముందుగా వారిని సంప్రదించాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒడంబడికను హోండురాస్ 1995లోనే ఆమోదించింది. అయినా ఆ నది పక్కనే ఉన్న రియో బ్లాంకో ప్రజల సమ్మతి లేకుండానే అనుమతులు ఇచ్చేశారు. నా దృష్టిలో ఈ కథలో మొదటి దెబ్బ అదే. అది కాగితం రూపంలో పడింది కాబట్టి దాన్ని ఎవరూ హింస అనలేదు.

2013 ఏప్రిల్ 1న ఊరివాళ్ళు నిర్మాణ స్థలానికి పోయే దారికి అడ్డంగా కూర్చున్నారు. ఏడాదికి పైగా లేవలేదు. 1993లో బెర్తా మరికొందరితో కలిసి స్థాపించిన కోపిన్ అనే సంస్థ వారికి అండగా నిలిచింది. 2013 జూలై 15న నిరసన తెలుపుతున్న తోమాస్ గార్సియా అనే లెంకా నాయకుణ్ణి ఒక సైనికుడు కాల్చి చంపాడు. నిర్మాణ బాధ్యత తీసుకున్న చైనా సంస్థ సైనోహైడ్రో ఆ తరవాత తప్పుకుంది. ఆనకట్టను తలపెట్టిన స్థానిక కంపెనీ మాత్రం వదలలేదు. బెర్తా మీద కేసులు పడ్డాయి. కారులో తుపాకి దొరికిందని ఒకటి, కంపెనీకి నష్టం కలిగించేలా జనాన్ని ఉసిగొల్పారని మరొకటి. ఆమెకు ప్రాణహాని ఉందనీ, రక్షణ కల్పించాలనీ అంతర అమెరికా మానవ హక్కుల కమిషన్ 2009లోనే ప్రభుత్వానికి చెప్పింది. 2015లో ఆమెకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. ప్రపంచమంతా తెలిసిన మనిషి మీద చెయ్యి వేయరని చాలామంది అనుకున్నారు. 2016 మార్చి 2 అర్ధరాత్రికి కాస్త ముందు హంతకులు ఆమె ఇంట్లో చొరబడ్డారు. ఆ రాత్రి ఆమె ఇంట అతిథిగా ఉన్న మెక్సికో పర్యావరణ కార్యకర్త గుస్తావో కాస్త్రోకు కూడా తూటా తగిలింది. చనిపోయినట్టు కదలకుండా పడి ఉండబట్టి ఆయన బతికారు. ప్రాణాలతో మిగిలిన ఏకైక సాక్షి ఆయనే. ఆ సాక్షిని కొన్ని వారాలపాటు దేశం దాటి పోనివ్వలేదు. దర్యాప్తు చేసేవారు మొదట్లో హత్యకు కారణాన్ని ఆమె వ్యక్తిగత జీవితంలోనూ, ఆమె సంస్థలోని తగాదాల్లోనూ వెతికారు.

ఇలాంటి కేసులు సాధారణంగా అక్కడే ఆగిపోతాయి. ఇది ఆగకపోవడానికి ప్రధాన కారణం ఫోన్ల సమాచారం. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారు, ఏ సందేశం పంపారు అన్న లెక్క ఒక్కొక్క మెట్టూ పైకి నడిపించింది. 2018 నవంబరులో 7 గురిని దోషులుగా నిర్ధారించారు. వారిలో కూలికి వచ్చిన హంతకులతో పాటు కంపెనీలో స్థానిక ప్రజలతో సంబంధాలు, పర్యావరణం చూసే అధికారి, కంపెనీ భద్రతా విభాగానికి మాజీ అధిపతి, అప్పటికి ఉద్యోగంలోనే ఉన్న ఒక సైనిక మేజరు ఉన్నారు. ప్రజలతో సంబంధాలు చూడటం ఉద్యోగంగా ఉన్న మనిషి ఆ జాబితాలో ఉండటాన్ని గమనించండి. 2019 డిసెంబరులో వారికి 30 నుంచి 50 ఏళ్ళ దాకా శిక్షలు పడ్డాయి. 2021 జూలైలో కంపెనీ అధ్యక్షుడు దావీద్ కాస్తియోను కూడా దోషిగా తేల్చారు. సైనిక గూఢచారి విభాగంలో పనిచేసి వచ్చిన ఆయనకు 2022లో 22 ఏళ్ళ 6 నెలల శిక్ష విధించారు. ఆయన పైన కూడా కొందరు ఉన్నారనీ, వారిదాకా న్యాయస్థానం చేయి చాచాలనీ బెర్తా కుటుంబం వాదిస్తోంది. ఇక డబ్బు సంగతి. ఆమె బతికి ఉండగా ఎన్ని విన్నపాలు చేసినా కదలని డచ్చి, ఫిన్లండు అభివృద్ధి బ్యాంకులు హత్య తరవాత రుణాన్ని నిలిపివేసి, 2017లో పూర్తిగా తప్పుకున్నాయి. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోట కలిసేది ఇక్కడే. ఆనకట్ట ఆగింది, కాని ఆమె పోయిన తరవాత.

ప్రశ్న: నేను ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. విద్యుత్తు, ఉక్కు, అల్యూమినియం లేకుండా ఈ పత్రిక కూడా అచ్చవదు. కొన్ని వందల కుటుంబాల కోసం కోట్లమంది ఆగిపోవాలా? (ఒక విశ్రాంత ఇంజనీరు)

జవాబు: మీ ఉత్తరంలో కోపం కన్నా నిజాయితీ ఎక్కువ కనిపించింది. కాబట్టి జవాబు కూడా అలాగే ఇస్తాను. ఈ పత్రిక లోహంతోనూ విద్యుత్తుతోనూ అచ్చవుతుందన్నది నిజం. అయితే మీ ప్రశ్నలో ఒక మాట ముందే తేలిపోయినట్టుగా ఉంది. ఆ కుటుంబాలను అడిగితే కాదనే అంటారు, కాబట్టి అడగడం దండుగ అన్నదే ఆ మాట. నిజానికి చాలాచోట్ల అడిగిన దాఖలాలే లేవు.

ఒడిశాలోనే జరిగిన రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూడండి. 2006 జనవరి 2న కళింగనగర్‌లో ఉక్కు కర్మాగారం కోసం ప్రహరీ కట్టడం మొదలుపెట్టారు. అడ్డుకోవడానికి వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 12 మందికి పైగా ఆదివాసులు చనిపోయారు. ఒక పోలీసు కూడా మరణించాడు. ఆ భూమిని సేకరించింది 1990ల తొలినాళ్ళలో. అంటే కాగితాల మీద చేతులు మారి పదేళ్ళు దాటినా, నేల మీద మనుషులు అక్కడే ఉన్నారు, అక్కడే దున్నుకుంటున్నారు. కాగితం చెప్పేదానికీ నేల చెప్పేదానికీ మధ్య ఉన్న ఆ తేడాను మాట్లాడి పరిష్కరించుకోకుండా పోలీసు బలగాన్ని తీసుకువెళ్ళారు.

రెండోది నియమగిరి. ఆ కొండ డోంగ్రియా కోందులకు దేవుడు, వారు కొలిచే నియమరాజు నివాసం. అదే కొండలో అల్యూమినియం తీసే ఖనిజం బాక్సైటు ఉంది. దాన్ని తవ్వాలా వద్దా అన్నది అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్ళలో జిల్లా న్యాయాధికారి సమక్షంలో సభలు జరిగాయి. 12 ఊళ్ళూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అనుమతిని తిరస్కరించింది. నియమగిరి చుట్టూ అంతకు ముందూ ఆ తరవాతా అరెస్టులూ వేధింపులూ లేవని నేను అనడం లేదు. కాని నిర్ణయం మాత్రం కొండ కిందే, జనం నోట, పగటిపూట జరిగింది. ఒక ఇంజనీరుగా మీకు బాగా తెలిసిన పోలికే చెబుతాను. నేల పరీక్ష చేయకుండా పునాది వేసి, గోడ బీటలు వారాక నేలను తిట్టే మేస్త్రీని మీరు పనిలో ఉంచుకోరు. ప్రజల సమ్మతి కూడా నేల పరీక్ష లాంటిదే. ఫలితం ‘కుదరదు’ అని కూడా రావచ్చు. అలా వచ్చే అవకాశమే లేకపోతే దాన్ని పరీక్ష అనం.

ప్రశ్న: పట్టా లేదు, రిజిస్ట్రేషన్ లేదు, శిస్తు రసీదు లేదు. అలాంటప్పుడు అది వారి పూర్వీకుల భూమి అని ఎలా రుజువవుతుంది? (ఒక రెవెన్యూ ఉద్యోగి)

జవాబు: మీ ప్రశ్నకు సమాధానం చెప్పిన ఒక మనిషి గురించి చెబుతాను. ఫిలిప్పీన్స్ ఉత్తర కొండల్లో కళింగ అనే ప్రాంతం ఉంది (పేరు చూసి మన కళింగం అనుకోవద్దు). 1970లలో మార్కోస్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో అక్కడి చికో నది మీద 4 ఆనకట్టలు కట్టాలని నిర్ణయించింది. బుత్‌బుత్ తెగ పెద్ద మక్లీయింగ్ దులాగ్ చదువుకోలేదు. ఆయన దగ్గరకు ఒక ప్రభుత్వ ప్రతినిధి వచ్చి చేతిలో కవరు పెట్టబోయాడట. కవరులో ఉంటే ఉత్తరం ఉండాలి, లేకపోతే డబ్బు ఉండాలి, ఉత్తరమైతే నాకు చదవడం రాదు, డబ్బైతే అమ్మడానికి నా దగ్గర ఏమీ లేదు అని చెప్పి ఆయన దాన్ని తిప్పి పంపించాడని ఆ కొండల్లో నేటికీ చెప్పుకుంటారు. భూమికి హక్కు పత్రాలు ఏవని అడిగినప్పుడు, మనకన్నా ఎక్కువ కాలం ఉండే దానికి మనం యజమానులం ఎలా అవుతాం అని ఆయన తిరిగి అడిగాడంటారు.

1980 ఏప్రిల్ 24 రాత్రి సైనికులు ఆయన ఇంటి మీద కాల్పులు జరిపి ఆయనను చంపారు. ఆ మరణం తరవాత కొండజాతులన్నీ ఒక్కటయ్యాయి, ప్రపంచ బ్యాంకు వెనక్కి తగ్గింది, ఆనకట్టల ఆలోచన మూలపడింది. ఏప్రిల్ 24ను అక్కడివారు ఆ కొండ ప్రాంతం పేరు మీదే కోర్దియెరా దినంగా జరుపుకుంటారు. 1997లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం ఆదివాసుల పూర్వీకుల భూమిని గుర్తించే చట్టాన్ని చేసింది.

మీ ఉద్యోగం దృష్ట్యా ఇంకొక్క మాట. శిస్తు వసూలు కోసం పుట్టిన రికార్డులో శిస్తు కట్టని భూమికి పేరు ఉండదు. పేరు లేని భూమిని ఆ రికార్డు బంజరనో, అడవనో, సర్కారుదనో రాసుకుంది. ఆ రాత రాసినవాడి అవసరాన్ని బట్టి పుట్టింది తప్ప, ఆ నేల మీద ఎవరు ఉన్నారో చూసి రాసినది కాదు. మన దేశపు అటవీ హక్కుల చట్టం (2006) ఊరి పెద్దల వాంగ్మూలాన్నీ, సమాధులు, దేవర స్థలాల వంటి గుర్తులనూ సాక్ష్యంగా స్వీకరించమన్నది ఇందుకే.

ప్రశ్న: మీరు ఒక వైపే రాస్తున్నారు. నిరసనకారులు పోలీసులను చంపిన సందర్భాలు లేవా? (పేరు రాయవద్దన్న ఒక పాఠకుడు)

జవాబు: ఉన్నాయి. వాటిలో పెద్దది పెరూలోని బాగువాలో 2009 జూన్ 5న జరిగింది. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి అనుగుణంగా పెరూ ప్రభుత్వం అమెజాన్ అడవిని చమురు, కలప, గనుల కంపెనీలకు తెరిచే అధికార ఉత్తర్వులను వరసగా తెచ్చింది. అవహూన్, వాంపీస్ తెగలవారు ‘దెయ్యపు మలుపు’ అనే చోట రహదారిని దిగ్బంధించి సుమారు 2 నెలలు కూర్చున్నారు. జూన్ 5 తెల్లవారుజామున వారిని ఖాళీ చేయించడానికి సాయుధ పోలీసులు దిగారు. ఆ రోజు 33 మంది చనిపోయారు. వారిలో 23 మంది పోలీసులు. చమురు పంపింగు కేంద్రం ఒకదాన్ని అప్పటికే ఆధీనంలోకి తీసుకున్న నిరసనకారులు, తమవాళ్ళను కాల్చి చంపుతున్నారన్న కబురు అందగానే అక్కడ బందీలుగా ఉన్న పోలీసులలో కొందరిని చంపేశారు. దాన్ని నేను సమర్థించను. ఆ పోలీసుల తల్లులకు ఉత్తర్వు నంబర్లు తెలియవు.

అయితే మిగతా కథ కూడా చెప్పాలి. కాల్పులు జరిగి 2 వారాలు తిరగకముందే పెరూ కాంగ్రెసు ఆ ఉత్తర్వులలో ముఖ్యమైన 2 ఉత్తర్వులను రద్దు చేసింది. 2011లో ఆదివాసులను ముందుగా సంప్రదించాలనే చట్టాన్ని కొత్త అధ్యక్షుడు బాగువాలోనే సంతకం చేసి అమలులోకి తెచ్చాడు. దెయ్యపు మలుపు కేసులో నిందితులుగా నిలబెట్టిన 50 మందికి పైగా పౌరులను 2016లో న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. జూన్ 5కు ముందు అసాధ్యమన్న పని 2 వారాల్లో సాధ్యమైంది. ఆ పనే జూన్ 4న చేసి ఉంటే ఆ 23 మంది పోలీసులు కూడా ఇళ్ళకు వెళ్ళేవారు. మీరు రెండో వైపు చూడమన్నారు. చూస్తే అక్కడ కూడా నాకు కనిపించింది అడగకుండా చేసిన సంతకమే.

ప్రశ్న: ప్రపంచంలో ఇలా ఏటా ఎంతమంది చనిపోతున్నారు? (ఒక ఇంటర్ విద్యార్థి)

జవాబు: భూమినీ పర్యావరణాన్నీ కాపాడబోయి చనిపోయినవారి లెక్కను గ్లోబల్ విట్‌నెస్ అనే సంస్థ ఏటా ప్రకటిస్తుంది. వారి లెక్క ప్రకారం 2012 నుంచి 2023 దాకా 2,106 మంది హత్యకు గురయ్యారు. 2023 ఒక్క ఏడాదిలో 196 మంది పోగా, అందులో 79 మంది కొలంబియావారే. ప్రపంచ జనాభాలో ఆదివాసులు 6 శాతం దాకా ఉంటారు. ఈ మృతుల్లో మాత్రం వారి వాటా మూడోవంతుకు అటూ ఇటూగా ఉంటోంది. పత్రికలు లేని చోట, ఫిర్యాదు చేయడానికి భయపడే చోట జరిగినవి ఈ లెక్కలోకి రావు.

ప్రశ్న: ఇన్ని అంతర్జాతీయ ఒప్పందాలున్నా ఎందుకు ఆగడం లేదు? మన సమతా తీర్పు లాంటిది బయట ఎక్కడైనా ఉందా? (ఒక జూనియర్ న్యాయవాది)

జవాబు: మీకు తెలిసినదే అయినా తక్కిన పాఠకుల కోసం ఒక మాట. 1997లో సుప్రీంకోర్టు సమతా కేసులో, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ఆదివాసేతర వ్యక్తులకు బదిలీ చేయరాదన్న నిషేధంలో ‘వ్యక్తి’ అన్న మాట ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందనీ, కాబట్టి ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులు చెల్లవనీ తీర్పు చెప్పింది. మనవాళ్ళు 1/70 చట్టం అని పిలుచుకునే నిబంధనే దానికి పునాది. కాపలాదారుకు కూడా అమ్మే హక్కు లేదని అంత సూటిగా చెప్పిన తీర్పులు అరుదు.

బయటి సంగతికి వస్తే, 1989 నాటి 169వ ఒడంబడికను ఆమోదించిన దేశాలు 24 మాత్రమే. మన దేశం వాటిలో లేదు. అంతకు ముందున్న 107వ ఒడంబడికను 1958లో ఆమోదించి అక్కడే ఆగాం. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్య సమితి ఆదివాసుల హక్కుల ప్రకటనకు 144 దేశాలు ఓటు వేశాయి, మనమూ వేశాం. ముందస్తుగా, ఒత్తిడి లేకుండా, విషయమంతా తెలిశాక ఇచ్చే సమ్మతి అన్న సూత్రం అందులో స్పష్టంగా ఉంది. కాని ప్రకటన ప్రకటనే. దాన్ని పట్టుకుని ఎవరినీ బోనెక్కించలేం. 2021 ఏప్రిల్ 22న అమలులోకి వచ్చిన ఎస్కాసు ఒప్పందం లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలకు పరిమితమైనా ఒక అడుగు ముందుకు వేసింది. పర్యావరణ రక్షకులను కాపాడటం, వారి మీద దాడి చేసినవారిని శిక్షించడం ప్రభుత్వ బాధ్యత అని ఒప్పందంలోనే రాసుకున్నారు.

ఎందుకు ఆగడం లేదు అన్నారు. ‘సంప్రదింపు’ అన్న మాటను ‘సమాచారం ఇవ్వడం’గా మార్చేశారు. రాజధాని భాషలో అచ్చు వేసిన నివేదిక, 3 గంటల సమావేశం, వచ్చినవారి చేత హాజరు పట్టీలో వేలిముద్ర. తరవాత ఆ హాజరు పట్టీయే సమ్మతి పత్రమవుతుంది. ఎవరైనా కాదంటే వారు అభివృద్ధి నిరోధకులు, బయటివారి ఏజెంట్లు, తీవ్రవాదులు. ఆ ముద్ర పడిన మనిషి మీద తప్పుడు కేసు పెడితే అడిగేవారుండరు. కేసులున్న మనిషి చనిపోతే ఊరు భయపడుతుంది గాని పట్నం ఆశ్చర్యపోదు. మీరు ప్రాక్టీసు మొదలుపెట్టేవారు కాబట్టి చెబుతున్నాను, హత్య కేసు కన్నా ఆ హాజరు పట్టీ కేసు వాదించడం కష్టం. కాని ముందు వాదించవలసింది దాన్నే.

ప్రశ్న: కెన్ సారో వివాకు 2025లో నైజీరియా ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చిందని చదివాను. సంతోషించవలసిన విషయమే కదా? ఆయనను చంపింది కంపెనీయా, ప్రభుత్వమా? (ఒక గ్రంథాలయ పాఠకురాలు)

జవాబు: ఆయన ఒగోనీ తెగకు చెందిన రచయిత. నైజర్ డెల్టాలో చమురు తవ్వకాల వల్ల తమ పొలాలూ వాగులూ పాడవుతున్నాయని ఒగోనీలను కూడగట్టాడు. సైనిక ప్రభుత్వం ఆయన మీద హత్యా నేరం మోపి, ప్రత్యేక ట్రిబ్యునల్ చేత విచారణ జరిపించి, 1995 నవంబరు 10న మరో 8 మందితో కలిపి ఉరి తీసింది. ఉరితాడు ప్రభుత్వానిది. షెల్ అనే చమురు కంపెనీకి ఇందులో పాత్ర ఉందంటూ బాధిత కుటుంబాలు అమెరికా కోర్టులో వేసిన దావాలో 2009లో ఆ కంపెనీ 1.55 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. 2011లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ ఆ నేలను పరీక్షించి, పూర్తిగా శుభ్రపడాలంటే 25 నుంచి 30 ఏళ్ళు పట్టవచ్చని చెప్పింది.

2025 జూన్‌లో ఆ 9 మందికీ అధ్యక్షుడు క్షమాభిక్ష ప్రకటించాడు. అయినా వారి తరఫున పోరాడుతున్నవారు దానితో తృప్తి పడలేదు. క్షమించాలంటే ముందు నేరం ఉండాలి కదా అన్నది వారి అభ్యంతరం. వారు అడుగుతున్నది క్షమాభిక్ష కాదు, 1995 నాటి తీర్పును కొట్టివేయాలని.